బోర్డు మీద నీ బిళ్ళ

బావా,

అక్కా నువ్వూ కులాసాయే అనుకుంటాను. నా రెండు ఉత్తరాలకీ జవాబు లేదు. అలిగి ఊరుకుందామనుకున్నాను గానీ, ఈ సంగతి రాయకుండా ఉండలేకపోయాను.

మన గనిని మ్యూజియం చేశారు. నేను అందులోనే కాపలా. చెవులు చిల్లులు పడేలా మిషన్లు మోగిన షెడ్డులో ఇప్పుడు కాఫీ అమ్ముతున్నారు. అక్కడ అరవకుండా మాట్లాడమని నన్ను రెండుసార్లు మందలించారు కూడా.

గనిలోకి దిగేటప్పుడు తగిలించి, పైకొచ్చాక తీసుకునే ఇత్తడి బిళ్ళల బోర్డు మాత్రం అలాగే ఉంచారు. దాని మీద ఒక్క బిళ్ళే ఉంది. అది నీదే. గని మూసేసిన ఆఖరి రోజు ఏడుపు దాచుకుంటూ విసవిసా వెళ్ళిపోయావు, తీసుకోవడం మరిచిపోయావు.

గైడు అమ్మాయి దాన్ని చూపించి, "ఈయన కిందే ఉండిపోయారండీ" అని చెబుతోంది. జనం తలలు వంచుతున్నారు. నిన్న ఒకావిడ పువ్వు కూడా పెట్టింది. నాకు నవ్వాగక గోడవైపు తిరిగాను.

"ఆయన మా బావ తల్లీ, నిక్షేపంలా ఉన్నాడు" అని చెప్పబోయాను. కానీ నిజంగా ఎలా ఉన్నావో నాకేం తెలుసు?

ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టకూడదు, బిళ్ళ ఉండగా గేటు మూయకూడదు. ఈ రెండు రూళ్ళూ నాకు నేర్పింది నువ్వే. అందుకని వచ్చి నీ చేత్తో తీసుకో. రాలేకపోతే ఒక్క ముక్క రాయి.

రోజూ సాయంత్రం నీ బిళ్ళ చూశాక, తాళం వెయ్యడానికి చెయ్యి రావడం లేదు.

నీ బావమరిది