ఆడపిల్లకీ ఒక మోత

తమ్ముడు పూవయ్యకు,

యావన్మంది కొడగు ప్రజలకు తెలియజేయడమేమనగా, నేటి నుంచి మా కోడిపుంజుతో నాకు మాటలు లేవు. ఈ ఇంట్లో మాట్లాడడానికి నాకున్నది అదొక్కటే. అదీ నేను చెప్పేది పూర్తిగా వినదు.

నీ కోడలికి నెలలు నిండాయని తెలిసి, వారం రోజులుగా నీ కొండ వైపు చెవి పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. బిడ్డ పుట్టిందని చాటే తుపాకి మోత వినపడలేదు. చివరికి నీకు మనవరాలు పుట్టిందని పాలవాడు చెప్పాడు. "ఆడపిల్లకెందుకురా, తూటా దండగ" అని వాడితో అన్నావట. పోయినేడు గురి తప్పి పక్కవాళ్ళ ఆవుని హడలగొట్టినప్పుడు ఈ దండగ గుర్తు రాలేదేం, మొనగాడా?

నాకు తుపాకి మీద మనసెలా పడిందో ఊరంతటికీ తెలుసు. నేను పుట్టినప్పుడు నాన్న ముంగిట్లో నిలబడి గాల్లోకి పేల్చాడని, "మగపిల్లాడా?" అంటూ జనం పరుగెత్తుకొస్తే "కాదు, నా కూతురు" అన్నాడని ప్రతి తుపాకుల పండక్కీ చెబుతూనే ఉన్నాను. కొబ్బరికాయను తుపాకితో గురి చూసి కొట్టే పందెంలో మీ అందర్నీ ఓడించింది ఆ మోత బలంతోనే అన్నాను.

ఈ ఉత్తరం అందగానే ఒక్కసారి పేల్చరా. ఆ పిల్ల వినాలి. నాకూ ఇక్కడికి వినిపిస్తుంది.

ఇంకో మాట. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడివి, నీకు తెలియదు. నాన్న నా కోసం పేల్చనేలేదు. నేను విన్నది నువ్వు పుట్టినప్పటి మోత. దాన్నే ఇన్నాళ్ళూ నాదని చెప్పుకున్నాను.

అక్క