నీ ఫ్రెంచి దొర గెలిచిన రోజు

మస్తానన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నువ్వు చరిత్ర చెప్పిన కాలేజీలో సభ పెట్టి, నీ ఫ్రెంచి దొర గురించి నన్నే మాట్లాడమన్నారు. కోటలో పుట్టి, రాజు కోసం యుద్ధం చేసి, చివరికి కత్తి పక్కన పడేసి యుద్ధాలకు వ్యతిరేకంగా పుస్తకాలు రాసినవాడు. బోర్లు ఎండిన అనంతపురంలో కూర్చుని దొరను పొగుడుతావా అని టీ అంగట్లో నీ మీద ఎన్నిసార్లు అరిచానో.

సభలో ఉరవకొండ అమ్మాయి ఒకతి లేచింది. "మీ దొర ఉండాడే, ఆయప్ప చేతిలో సచ్చినోళ్ల పుస్తకాలు యాడుండాయి సార్? దొర ఎప్పటికీ దొరే."

అచ్చంగా నా మాటే. అయినా నా నోట నీ జవాబు వచ్చింది. "పుట్టేది ఆయప్ప చేతుల్లో లేదమ్మా. కత్తి దించేది చేతుల్లో ఉండె, దించినాడు."

ఆ పిల్ల ఒప్పుకోలేదు. ఒప్పుకోకూడదు కూడా.

అక్కడి నుంచి మన టీ అంగడికి పోయాను, నువ్వు పోయినాక మొదటిసారి. రమణ అలవాటు కొద్దీ ఒక టీని రెండు గ్లాసుల్లో పోసి, నాలుక కరుచుకున్నాడు.

"తీసేయాల్నా అన్నా?"

"ఉండనీప్పా. ఈపొద్దు ఆయన గెలిచినాడు."

ఓడిపోయానని నేను ఒప్పుకునే రోజున నువ్వు లేకుండా పోయినందుకు, నీ టీ చల్లారేదాకా ఎదుటి ఖాళీ బల్లను తిడుతూ కూర్చున్నాను.