మూడు పిలుపులు

ఏమండీ, పాలు కాచి పెట్టాను. చిన్నది స్కూలు నుంచి రాగానే ఇవ్వండి. నేను మళ్ళీ సంతకి పరిగెడుతున్నాను. మిగతాది కూర్చుని చదవండి.

మీ సర్టిఫికెట్ల ఫైలు అక్కడే వదిలేశాను. జిరాక్సులు తీయించి వస్తుంటే సంతలో మంచి బ్యాగు కనబడింది. ఫైలు పడుతుందో లేదోనని అందులో పెట్టి చూశాను, కొలిచి కుట్టినట్టు సరిపోయింది. నచ్చిందని తెలిస్తే అమ్మేవాడు ధర దిగడు కదా, అందుకని బ్యాగు కింద పెట్టేసి "అక్కర్లేదులే" అని నడిచాను. "అమ్మా, అమ్మా" అని మూడుసార్లు పిలిచాడు. దిగొస్తున్నాడనుకుని ఇంకా జోరుగా నడిచాను. పిలవగానే వెనక్కి తిరిగితే బేరం చెడుతుందని నాకు నేర్పింది మీరే. సాయంత్రానికి ఇంకా దిగుతాడని నవ్వుకుంటూ ఇంటికొచ్చి సంచీ తీస్తే జిరాక్సులే ఉన్నాయి.

ఎనిమిది నెలలకి వచ్చిన ఇంటర్వ్యూ, అదీ రేపే. ఈలోగా ఆ బ్యాగు ఎవరైనా కొనుక్కుపోయుంటే మీకు మొహం ఎలా చూపించను? మీ ఫోను కలవడం లేదు.

బ్యాగు మీ కోసమే, రేపు పట్టుకెళ్తారని. ఇంకా ఉంటే వాడు అడిగినంతా ఇచ్చి తెస్తాను. ఈ ఒక్కసారికి ఎంతకి కొన్నావని అడక్కండి.