అరుగు చుట్టూ తిరిగిన రోడ్డు

హిందూపురం,
3–2–1961

బావ కుళ్ళాయప్ప గారికి ఈరన్న నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగున్నాము. అక్క పోయినప్పటి నుంచి మీరు ధర్మవరంలో ఒక్కరే వండుకొని బడికి పోతున్నారని మా ఇంటిది నీలావతి దిగులు పడుతోంది. ఆ దిగులు తర్వాత రాస్తాను. ముందు అసలు సంగతి.

మన బజారు వెడల్పు కాబోతోంది బావా. ఎదురెదురుగా రెండు లారీలు వచ్చినా డ్రైవర్లు ఒకరినొకరు తిట్టుకోకుండా పోవచ్చునట. పొడుగునా ట్యూబులైట్లు. విస్తరణ కమిటీ ఓవర్సీయరు ఆశీర్వాదం గారు టేపు పట్టుకొని వచ్చి, మన గాజుల అంగడి ముందర సున్నంతో గీత గీశారు. గీత సరిగ్గా గడప దగ్గర పడింది. అంటే అంగడి ఉంటుంది, ముందున్న రాతి అరుగు పోతుంది. నాయన అంగడి నా పేర, ముందు జాగా అక్క పేర రాసిపోయాడు కదా, అందుకని మీ సంతకం కావాలి.

అరుగు మీద కూర్చునేవాళ్ళకు మాత్రం అన్నం సహించడం లేదు. కోర్టు బంట్రోతు పని నుంచి దిగినప్పటి నుంచి మన అరుగు స్తంభానికి ఆనుకునే పోతులయ్య మీకు తెలుసు. ఆయన వీపు ఆనిన చోట రాయి అద్దంలా అయింది. "అరుగు పోతే ఇంక ఇది హిందూపురం యాడయితాదప్పా? పేరు మార్చుకోండి" అంటున్నాడు. ఆయన మీద నాకు జాలి, రోడ్డు మీద ఆశ. ఆశే గెలుస్తోంది.

ఇట్లు, రాత్రి నిద్ర పట్టని
ఈరన్న

తా.క. వెనక సందు తలుపుకు కొత్త గొళ్ళెం వేయించాను. గాజులకు వచ్చే ఆడవాళ్ళంతా అటునుంచే కదా. ముందు తలుపు ఎందుకో వాళ్ళకు అలవాటు కాలేదు.

* * *

ధర్మవరం,
7–2–1961

ఈరన్నకు ఆశీస్సులు.

ఉత్తరం అందింది. సంతకం అక్కడికి వచ్చి పెడతాను. పడగొట్టే రోజు ముందుగా రాయి. నేను రాకముందు ఆ అరుగు మీద ఎవరూ చేయి వేయకూడదు.

కుళ్ళాయప్ప

తా.క. వంట కుదురుతోందని నీలావతికి చెప్పు. ఇద్దరికి సరిపోయేంత వండుతున్నాను, అదొక్కటే తప్పు.

* * *

హిందూపురం,
12–2–1961

పూజ్యులైన బావగారికి,

మీ ఉత్తరం చదివి నీలావతి కొంగు కళ్ళకు అద్దుకుంది. నేను అరుగెక్కి అందరికీ పెద్దగా చదివి వినిపించాను. "ఎవరూ చేయి వేయకూడదు" అన్న చోట పోతులయ్య లేచి నిలబడ్డాడు. ఆయన నిలబడగా చూడడం నాకు ఇదే మొదలు.

"చూస్తిరా? కాలేజీ చదువు చదివిన మనిషి. పెండ్లాము పుట్టినింటి రాతిని గూడా ఇడ్సలేక పోతాండాడు. మనం ఈడ కూచోని ఏం చేస్తాండాం?" అని, మళ్ళీ కూర్చున్నాడు.

అక్కడికక్కడే అరుగు రక్షణ సంఘం పుట్టింది. మీరు అధ్యక్షులు. మీరు ఊళ్ళో లేరు గనుక ఎవరూ కాదనలేదు.

నేనూ మారిపోయాను బావా. ట్యూబులైట్ల ఆశ వదులుకున్నాను. అక్క ఆడుకున్న అరుగు అది. ఆడుకోగా నేను చూసిన గుర్తు లేదు గానీ, ఆడుకునే ఉంటుంది.

మీ వెనకే నిలబడిన
ఈరన్న

తా.క. ఓవర్సీయరు "ఆ సారు గట్టి మనిషా?" అని విచారించాడు. తక్కువ మాట్లాడతాడని చెప్పాను. ఇంకా భయపడ్డాడు.

* * *

ధర్మవరం,
16–2–1961

ఈరన్నకు ఆశీస్సులు.

సంఘం వద్దు. నేను అధ్యక్షుణ్ణి కాను. రోజు రాయమన్నాను, రాయలేదు.

రాళ్ళు పెకలించే గడారి మన ఇంట్లో ఉందా? మొన పోనిది కావాలి.

కుళ్ళాయప్ప

తా.క. అరుగు మీద కూర్చునేవాళ్ళంతా ఆ రోజు అక్కడే ఉండాలి. ముఖ్యంగా పోతులయ్య.

* * *

హిందూపురం,
2–3–1961

బావగారి పాదాలకు,

గెలిచాము బావా, గెలిచాము.

మీరు గడారి అడిగారన్న సంగతి బజారు ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకేసరికి పెరిగిపోయింది. కాఫీ హోటల్లో నా చెవులారా విన్నాను: "ధర్మవరం సారు గడారి ఎత్తుకొని రైలెక్కుతాండాడంట. అరుగు ముట్టినోని కాలు ఇరుగుతాదంట." మీరు పద్యం తప్పు చదివినా పిల్లలను కొట్టరని నాకు తెలుసు. నేను చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఆశీర్వాదం గారు టేపు మళ్ళీ పట్టారు. పట్టి చూస్తే రోడ్డు వంగవచ్చునని తేలింది. మన అరుగు దగ్గరికి వచ్చేసరికి అటు తిరిగి, దాటాక మళ్ళీ ఇటు తిరుగుతుంది. ఇక మీదట లేపాక్షి బస్సు మన అంగడి ముందర ఒంగి నమస్కారం పెట్టి పోవాల్సిందే.

ఈ పన్నెండో తేదీ ఆదివారం ప్రారంభం. అక్క పేరిట "యశోదమ్మ స్మారక అరుగు" అని రాయి చెక్కిస్తున్నాము. దాన్ని నిలబెట్టేందుకు పోతులయ్య తన జాగాలోంచి పక్కకు జరిగాడు. ఊరంతా మెచ్చుకుంది. పెనుకొండ నుంచి బ్యాండు వస్తోంది. గడారికి కుంకుమ పెట్టి, పూలమాల చుట్టి, అరుగు మీద ఉంచాము. పోయేవాళ్ళు దండం పెడుతున్నారు.

ఆనందంతో చేయి ఆడని
ఈరన్న

తా.క. పేరు కింద కొంచెం చోటు మిగిలింది. అరుగు గురించి అక్క ఏమనేదో రాస్తే అదే చెక్కిస్తాము.

* * *

ధర్మవరం,
11–3–1961

ఈరన్నకు ఆశీస్సులు.

బడి పరీక్షల వల్ల జవాబు ఆలస్యమైంది. ఈ ఉత్తరం, నేను ఒకే రైలులో రావచ్చు.

అరుగు గురించి మీ అక్క ఏమనేదని అడిగావు. రాతి మీద చెక్కే మాట కాదు. "అది నా కండ్ల ముందర కూలాల" అనేది.

ఆమె పుట్టింది బజారులో, నడిచింది సందులో. ముందు తలుపు దాటితే ఆమె నడక, చీర రంగు, చేతిలోని సంచి బరువు, అన్నిటి మీదా అరుగు తీర్పు చెప్పేది. పెళ్ళి ఊరేగింపు నాడు ఒక్కసారే బజారు మధ్యలో వచ్చింది. అదీ తల వంచుకొని. మీ నాయన కూడా అక్కడే కూర్చునేవారు గనుక మీతో అనలేదు.

ఆసుపత్రిలో ఉండగా, మీ ఊరి రోడ్డు ఎప్పుడో వెడల్పు చేస్తారట అని కబురు చెప్పాను. నవ్వింది. "మొదటి పోటు నాది" అంది. ఆ పోటు ఆమె బదులు నేను వేయాలి. నేను అడిగింది అంతే.

అరుగు పోతే హిందూపురం హిందూపురం కాదని పోతులయ్య అంటున్నాడు. నిజమే కావచ్చు. సగం ఊరికి.

రోడ్డును తిన్నగా వేయమని ఆశీర్వాదం గారికి చెప్పు.

కుళ్ళాయప్ప

తా.క. గడారికి పూలమాల తీసేయి. చేయి జారుతుంది.

* * *

హిందూపురం,
20–3–1961

బావగారికి,

మీ ఉత్తరం మీరు తిరుగు రైలెక్కిన మరునాడు అందింది.

అది ముందే అందివుంటే, మీరు గడారి ఎత్తినప్పుడు "అయ్యో, బావకు మతి పోయింది" అని నేను అరిచేవాణ్ణి కాదు. దండ వేయించుకుని, గడారికున్న మాల తీసి పక్కన పెట్టి, ఒక్క పోటు పొడిచి, ఆశీర్వాదం గారి కాగితం మీద సంతకం పెట్టి, రైలుకు వేళయిందని వెళ్ళిపోయారు. పెనుకొండ బ్యాండువాళ్ళు మీ రైలు పెట్టెలోనే వచ్చారట. వాళ్ళకేమి చెప్పారో గానీ, సరిగ్గా ఆ పోటుకే వాయించారు.

మీరు పోయాక జరిగింది రాస్తాను. గడారి అరుగులో దిగబడి నిలబడే ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. అప్పుడు నీలావతి ముందు తలుపులోంచి బయటికి వచ్చింది. పెనుకొండ నుంచి కాపురానికి వచ్చినప్పుడు ఆ తలుపులోంచి లోపలికి రావడమే గాని, బయటికి పోవడం నేను చూడలేదు. గడారి పీకి ఒక పోటు వేసింది. ఆ వెనకే, సందు తలుపులోంచి గాజుల బేరానికి వచ్చిన ఆడవాళ్ళంతా అంగడి దాటి బజారులోకి దిగారు. వాళ్ళలో హనుమక్క "నాకూ ఒగ పోటు ఇయ్యమ్మా" అని వరసలో నిలబడింది. చీకటి పడేసరికి ఆశీర్వాదం గారికి పని మిగల్లేదు.

రోడ్డు తిన్నగా వస్తోంది. రాతి మీద నుంచి అరుగు, స్మారక అన్న మాటలు చెక్కి తీయించాను. యశోదమ్మ అన్నది మిగిలింది. అంగడి ముందు గోడకు పెట్టాము, బజారు వైపు ముఖం.

పోతులయ్య వెనక సందులో ఒక బండరాయి చూసుకున్నాడు. "ఈడ ఒక్కరూ పోవడం లేదప్పా" అని దిగులుగా ఉన్నాడు.

ఇట్లు,
ముందు తలుపు తెరిచి పెట్టిన
ఈరన్న

తా.క. మొన్న నీలావతి బజారు మధ్యలో నడిచి పోస్టాఫీసుకు పోయింది. వెంట రావద్దంది. ఎట్లా పోతుందో చూద్దామని నేను వెనక సందులోంచి బయలుదేరాను. పోతులయ్య నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏమప్పా ఈరన్నా, యాడికి పోతాండావు? ఆ నడకేంది, ఆ పంచె కట్టేంది?" అన్నాడు. నేను తల వంచుకొని పోయాను.