ఇసుకలో దిగబడని జీపు

మొన్న నీ సంవత్సరీకం అయింది. గోదావరి పాయ ఎండింది కదా, రేపు పిల్లలతో, నీ తమ్ముడితో నీ జీపులో బూర్గంపాడు దగ్గరి ఇసుక దిబ్బ మీదికి పోయి, రాత్రికి డేరా వేసుకుంటాం.

నేనెప్పుడు అడిగినా "ఇసుకల జీపు దిగబడుతది" అని ఆపేవాడివి. సామాను సర్దుతూ అదే భయం చెబితే నీ తమ్ముడు నవ్వాడు.

"ఎందుకు దిగబడుతది వదినా? టైర్లల్ల గాలి తగ్గిస్తే సాఫీగ పోతది. అన్ననే నేర్పిండు. ఎండాకాలం దోస్తులతోని ఆడనే పండేటోళ్ళం గద."

కల్లూరులో పనుందని నువ్వు పోయిన రాత్రులు అవేనన్నమాట. పనిలో నీతో ఉండే నలుగురికీ సరిపోవాలని నువ్వంటే మామిడికాయ తొక్కు ఎక్కువ నూరి ఇచ్చేదాన్ని. వాళ్ళకు నచ్చిందా అని కూడా అడిగేదాన్ని.

రేపు టైర్ల గాలి నేనే తీస్తాను. తొక్కు మాత్రం తీసుకుపోను.