మసిగాడి అసలు పేరు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను. మసిగాడూ బాగున్నాడు, ఆ సంగతి కాస్త వివరంగా రాయాలి. అక్కడ అక్కవాళ్ళింట్లో నువ్వు, నాన్న, అక్క కులాసా అనుకుంటాను. డాక్టరమ్మ మంచం దిగొద్దన్నా అక్క కిటికీ తెరలు ఉతికిందని రాశావు. పురుడయ్యేదాకా దాని చెప్పులు దాచెయ్యి.

నువ్వు అడిగినవాటికి జవాబులు. గ్రంథాలయంలో శిక్షణ బాగా సాగుతోంది. చిరిగిన పుస్తకాలకు అట్టలు వెయ్యడం నేర్పుతున్నారు. హాస్టల్ గది చిన్నదే కానీ వెలుతురుంది. వేళకు తింటున్నాను. ఇక, "హాస్టల్లో కుక్కను రానివ్వరు సరే, ఊళ్ళో కుక్కల్ని ఉంచుకునే అంత మంచి చోటుండగా పొలాల మధ్య వదిలావేమిటి?" అన్నావు కదా.

ఆ మంచి చోటుకే ముందు వెళ్ళాను. నున్నటి గచ్చు, గదికో ఫ్యాను, తలుపు మీద కుక్క ఫోటో. మేనేజరు టై సర్దుకుంటూ, "మా దగ్గర ఒక్క అరుపు కూడా వినపడదు మేడమ్" అన్నాడు. ఎందుకు అరవవని అడగాలనిపించింది. నా సంగతి తెలుసుగా, మొహమాటం. థాంక్యూ చెప్పి బయటపడ్డాను.

రెండోదానికి బస్సు దిగి మట్టిబాటలో నడవాలి. కంచె, రేకుల షెడ్డు, నీళ్ళ తొట్టి, ఒళ్ళంతా బురదతో పరిగెత్తే కుక్కలు. చెవులు చిల్లులు పడే అరుపులు. రబ్బరు బూట్లు వేసుకుని ఒకావిడ వచ్చింది. మొగుడూ పెళ్ళాలిద్దరే నడుపుతారట. నేను అడగాల్సినవన్నీ ఆవిడే నన్నడిగింది.

"ఉరిమితే ఏం చేస్తాడు?"

"మంచం కింద దూరతాడండీ."

"మా మంచం కింద చోటుంది. కట్టేస్తే?"

"వణికిపోతాడు. మాకు దొరికినప్పుడు మెడ చుట్టూ తాడు కోసుకున్న పుండు ఉండేది."

"అయితే కట్టం" అంది. నాన్న మరీ మరీ చెప్పింది ఆ ఒక్క మాటే కదా. అక్కడే వదిలాను.

ఇప్పుడు నీ దగ్గర దాచిన సంగతి. పోయిన ఉత్తరంలో వాడు శుభ్రంగా తింటున్నాడని రాశాను. అబద్ధం. వాడు ముద్ద ముట్టలేదు. నిజం రాస్తే అక్కను ఆ స్థితిలో వదిలేసి బయల్దేరతావని భయపడ్డాను. ఆవిడ కబురు చేస్తే వెళ్ళాను. "కమ్, మసీ, కమ్" అని గిన్నె ముందు కూర్చుని బతిమాలాను. కాన్వెంటు సిస్టర్ల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషంతా ఖర్చుపెట్టాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పక్కటెముకలు తేలిపోయాయి.

"ఇంక తీసుకెళ్ళు తల్లీ. శిక్షణ మళ్ళీ దొరుకుతుంది" అంది ఆవిడ మెల్లగా.

నిజమే అనిపించింది. మానేస్తానని గ్రంథాలయంలో ఎలా చెప్పాలా అనుకుంటూ వాడి దుప్పటి మడతపెడుతున్నాను. ఆవిడ వంటింటి గుమ్మంలోకి వెళ్ళి, షెడ్డు వెనకున్న మొగుణ్ణి కేకేసింది.

"ఏమండీ! చల్లారిపోతోంది, వస్తారా రారా?"

మసిగాడు చివాల్న లేచాడమ్మా! చెవులు నిక్కబొడుచుకుని, ఆయనకంటే ముందు వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పిలిచింది నన్నే కదా?" అన్నాడు.

"ముందొచ్చినవాళ్ళకే" అని ఆవిడ పళ్ళెం కింద పెట్టేసింది. వాడు మెతుకు మిగల్చకుండా తిని, ఇంకా ఉందా అన్నట్టు చూశాడు. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. ఆవిడ ఇంకో పళ్ళెం నా చేతికిచ్చింది.

ఇప్పుడు పూటపూటా "ఏమండీ" అంటేనే వాడికి భోజనం. ఆయన్ని పిలవాలంటే ఆవిడ చప్పట్లు కొడుతోంది. "ఇన్నేళ్ళ కాపురంలో ఇప్పుడు ఊడింది నా పదవి" అని ఆయన నవ్వుతాడు. ఇలాంటి మనుషులు దొరకడం మన అదృష్టం. వాడు కోలుకున్నాడు, నా శిక్షణా నిలబడింది. వాళ్ళకు రెండు ముక్కలు నువ్వూ రాయి.

తిరిగొస్తూ బస్సులో ఒకటే ఆలోచన. నువ్వు నాన్నను అన్నానికి పిలిచినప్పుడల్లా వాడూ వచ్చేవాడు. "నిన్నెవరు పిలిచారురా?" అని మనం నవ్వేవాళ్ళం. వాడు తోక దించుకుని గుమ్మం దగ్గరికి పోయేవాడు. ఇన్నేళ్ళూ నువ్వు తననే అంత మర్యాదగా పిలుస్తున్నావనుకున్నాడమ్మా.

మీరు తిరిగొచ్చాక ఆ పిలుపు వాడికే వదిలెయ్యి. నాన్నకెలాగూ పేరుంది. ఇప్పటినుంచే కాస్త అలవాటు చేసుకో.

ఇట్లు,
నీ చిన్న కూతురు