వాల్యూమ్ వెనక రెసిస్టర్

కోయిలకుంట్ల

శామ్‌కు,

వందనాలు. కడపలో అందరూ క్షేమమని తలుస్తాను. ఫోన్లో అడిగితే మాట దాటేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నేను బాగుచేసుకున్న పాత వాల్వుల గిటార్ ఆంప్లిఫయర్‌ను నిన్న విప్పాను. వాల్యూమ్ నాబ్ వెనక నేను పెట్టని రెసిస్టర్ ఒకటి ఉంది. అది ఉంటే శబ్దం సగానికి మించి రాదు. సోల్డరింగ్ నీదే. తీగను రెండు చుట్లు చుట్టి అతికించేది మనిద్దరిలో నువ్వే.

జనవరిలో నేను బనగానపల్లెకు పోయిన రోజు నువ్వు వచ్చావు. తిరిగొచ్చేసరికి ఆంప్లిఫయర్ వెనక పలక స్క్రూ ఒకటి వదులుగా ఉంది. మీ అక్క దీవెనను అడిగితే, "శామ్ టీ తాగి పోయినాడప్పా. నీ డబ్బాతో వానికేం పని?" అంది. నా ట్రాన్స్‌ఫార్మర్ మార్చేశావేమోనని అప్పట్నుంచీ నిన్ను అనుమానించాను. నిన్న చూస్తే ఏదీ పోలేదు.

శబ్దం తగ్గిందని నేనంటే, "వాల్వులు ముసలివైనాయేమో, మార్చి చూడు" అన్నది కూడా దీవెనే. రెండుసార్లు మార్చాను. అప్పటికే ఆమెకు తలనొప్పి ఎక్కువైంది. నేను మంచం పక్కనే కూర్చుని వాయించేవాణ్ణి. ఆపమంటావా అంటే, "వాయించు, బాగుండాది" అనేది. ఏప్రిల్‌లో పోయేదాకా అదే మాట.

ఆ రెసిస్టర్ ఆమె పెట్టించిందా? నిన్ను తప్పుపట్టడం లేదు. ఆ మూడు నెలలు ఆమె నా గిటార్ విన్నదా, ఓర్చుకున్నదా అన్నది నాకు తెలియాలి. నన్ను ఓదార్చడానికి ఏదో ఒకటి రాయకు.

మీ బావ